సైన్సు, కంప్యూటరు విద్యార్థులకు పరిశోధనావకాశాలు



మునిగుడ రైల్వే స్టేషన్లో పొద్దున్నే రాయగడ వైపు వెళ్ళే బండి కోసం నిలబడితే ఎందరెందరో కనిపిస్తారు. కూరగాయల గంపలవాళ్ళు, ఆసుపత్రికి బయలుదేరిన ముసలివాళ్ళు, వాళ్ళ మధ్య భుజాలకు సంచులు తగిలించుకున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు. ఆ సంచుల్లో బీఎస్సీ పుస్తకాలుంటాయి, బీసీఏ నోట్సులుంటాయి. వాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. కొందరికి ఇంట్లో కుయి. ఇన్ని భాషలు దాటుకుని న్యూటను దగ్గరికి, కంప్యూటరు దగ్గరికి చేరుతున్న పిల్లలు వాళ్ళు. తెలివితేటల్లో వాళ్ళు ఎవరికీ తీసిపోరు. ఆ తెలివిని ఏ దారిన నడిపించాలో చెప్పే మనిషి మాత్రం చాలామందికి దొరకడు. ఈనాటి నా ప్రసంగం ఆ దారి గురించే.

ముందుగా నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి. నేను చాలా ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పాను. సుమారు పదిహేనేళ్ళ క్రితం మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఒకరోజు వరుస సంఖ్యల మొత్తాల గురించి చెబుతున్నాను. తొమ్మిదిని నాలుగు, అయిదుల మొత్తంగా రాయవచ్చు. పదిహేనును ఏడు, ఎనిమిదిగా రాయవచ్చు. నాలుగు, అయిదు, ఆరుగా కూడా రాయవచ్చు. అక్కడితో ఆపి నేను వేరే లెక్కకు వెళ్ళిపోయాను. ఆ అమ్మాయి ఆపలేదు. మర్నాడు రెండు పేజీలు నింపుకొచ్చింది. ఒకటి నుంచి వంద దాకా ప్రతి సంఖ్యనూ ప్రయత్నించి చూసింది. "మాస్టారూ, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు, ఈ ఏడూ మాత్రం కుదరడం లేదండీ. ఎందుకండీ?" అని అడిగింది.

పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్న అది. పరీక్షలో వచ్చేదీ కాదు. ఎవరూ చెప్పకుండా తనంత తాను వంద సంఖ్యలు పరీక్షించి, అందులో ఒక క్రమాన్ని పసిగట్టి, దానికి కారణం అడుగుతోంది. శ్రోతలారా, పరిశోధన అంటే ఇదే. తెల్ల కోటూ, గాజు గొట్టాలూ తర్వాత సంగతి. నేను మెచ్చుకున్నాను, కారణం వివరించాను, అక్కడితో మరచిపోయాను.

ఫిబ్రవరి నెలలో నా బల్ల సొరుగు సర్దుకుంటుంటే ఒక కాగితం దొరికింది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పు ప్రకటన అది. రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు, ఖర్చులకు డబ్బిస్తారు. గడువు దాటిపోయి రెండు నెలలపైన అయింది. కాలేజీకి వచ్చిన కాగితాన్ని నాకందించారు, నేను సొరుగులో వేశాను. "మన పిల్లలకెందుకివి" అనుకున్నానో, అసలు చదవనే లేదో, ఇప్పుడు చెప్పలేను. ఆ అమ్మాయిది అప్పుడు ఆఖరి సంవత్సరం. తర్వాత ఆమె బీఈడీలో చేరింది.

అప్పటినుంచి ఎవరు కనిపించినా ఈ విషయాలు చెబుతూనే ఉన్నాను. ఇవాళ రేడియో ద్వారా చెప్పే అవకాశం వచ్చింది.

కొంచెం వెనక్కి వెళదాం. పరిశోధన అంటే మనకు సంబంధం లేని వ్యవహారమని, ఢిల్లీ, బెంగుళూరు వాళ్ళ పని అని మన ప్రాంతంలో ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర అలా చెప్పదు. 1936 ఏప్రిల్ ఒకటో తేదీన ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. దానికి సైన్సు కళాశాల కావలసివచ్చినప్పుడు చేయూతనిచ్చినవారు జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు. స్వయంగా కవి, తెలుగు సాహిత్యాభిమాని అయిన ఆయన విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చారు. అప్పటి లక్ష ఇప్పటి లెక్కలో ఎంతో మీరే ఊహించుకోండి. అందుకే వాల్తేరులోని ఆ కళాశాలకు జయపురం విక్రమదేవ వర్మ శాస్త్ర సాంకేతిక కళాశాల అని పేరు పెట్టారు. అంటే ఈ కొండల్లో, ఈ అడవుల్లో, ఈ పొలాల్లో పండిన సొమ్ముతో అక్కడ ప్రయోగశాలలు లేచాయి. రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రిగారు, భౌతిక శాస్త్రంలో సూరి భగవంతంగారు పనిచేసింది అక్కడే.

ఆ భగవంతంగారి కథ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కళాశాలలో బీఎస్సీ పూర్తిచేశారు. 1928లో, అంటే ఇరవై ఏళ్ళు నిండకముందే, కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరం అదే. బీఎస్సీ పట్టా తప్ప మరేమీ లేని కుర్రవాడు ప్రపంచమంతా చూస్తున్న ప్రయోగశాలలో అడుగుపెట్టాడు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి భౌతిక శాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. తర్వాతి కాలంలో దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. పరిశోధన పుస్తకం చదివితే వచ్చేది కాదు. చేస్తున్నవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. వడ్రంగం, నేత ఎలా నేర్చుకుంటామో ఇదీ అంతే. కాబట్టి విద్యార్థి చేయవలసిన మొదటి పని తన రామన్ ఎక్కడున్నాడో వెతుక్కోవడం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన విద్యార్థికి రెండు రకాల సహాయం కావాలి. ఒకటి, చదువులో వెనకబడకుండా ఆసరా. రెండు, పరిశోధనలోకి ప్రవేశం.

మొదటిది చూద్దాం. ఇంటర్మీడియెట్ దాకా ఒడియాలోనో తెలుగులోనో చదివిన పిల్లలు డిగ్రీలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం తెరవగానే బెదిరిపోతారు. లెక్క వచ్చు, వాక్యం అర్థం కాదు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. రోజుకు ఒక పేజీ, నిఘంటువు పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ చదవండి. మూడు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. సైన్సు ఇంగ్లీషులో మాటలు తక్కువ, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మంచి అధ్యాపకుడు అందుబాటులో లేకపోతే ఏం చెయ్యాలి? ఐఐటీలు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే పథకం మొదలుపెట్టాయి. అక్కడి ఆచార్యులు తమ విద్యార్థులకు చెప్పే పాఠాలనే వీడియోలుగా తీసి అందరికీ ఉచితంగా పెట్టారు. 2017 నుంచి కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదిక మీద కూడా ఇటువంటి కోర్సులు నడుస్తున్నాయి. నేర్చుకోవడానికి రుసుము లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోదలిస్తేనే కొంత కట్టాలి. బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో ప్రోగ్రామింగు భాషలు, లీనక్సు వంటివి మన భారతీయ భాషల్లో కూడా వినిపిస్తాయి, తెలుగుతో సహా. ఫోనులో ఏదో ఒకటి చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకునే అలవాటు మన పిల్లలకు ఎలాగూ ఉంది. అందులో ఒక గంట ఇటు మళ్ళిస్తే చాలు.

అయితే ఒంటరిగా వీడియో చూసేవాడు నాలుగో పాఠం దగ్గర ఆగిపోతాడు. ఇది నేను చాలామందిలో చూశాను. కనుక నలుగురు కలవండి. ఆదివారం ఎవరింటి అరుగు మీదో, బడి వరండాలోనో కూర్చోండి. ఒకరు పాఠం చెప్పాలి, ముగ్గురు ప్రశ్నలడగాలి. చెప్పేవాడికి తనకెక్కడ తెలియదో అప్పుడే తెలుస్తుంది. దీనికి కరెంటు కూడా అక్కరలేదు.

ఇక రెండోది, పరిశోధనలోకి ప్రవేశం. వరుసగా చెబుతాను, కాగితం, కలం ఉంటే రాసుకోండి.

పన్నెండో తరగతి చదువుతున్న పిల్లలకు మొదట. మన రాష్ట్రంలోనే భువనేశ్వర్లో నైసర్ అనే సంస్థ ఉంది, 2007లో మొదలైంది. బరంపురంలో ఐసర్ 2016లో మొదలైంది. అటు తిరుపతిలో 2015లో ఇంకొక ఐసర్ వచ్చింది. వీటిలో పన్నెండో తరగతి కాగానే చేరి అయిదేళ్ళు చదివితే ఎమ్మెస్సీ స్థాయి పట్టాతో, పరిశోధన అనుభవంతో బయటికి వస్తారు. నైసర్‌కు నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష, ఐసర్‌లకు వాటి ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటాయి. మన పిల్లలు నీట్, జేఈఈ రెండే పరీక్షలున్నాయనుకుంటారు. వాటికి చదివిన చదువే వీటికీ పనికివస్తుంది.

మామూలు కాలేజీలో బీఎస్సీ చేరినవారికి ఇన్‌స్పైర్ అనే స్కాలర్‌షిప్పు ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2008లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలో పై ఒక శాతంలో నిలిచి, సహజ శాస్త్రాలు, గణితం వంటి మౌలిక శాస్త్రాలు తీసుకున్నవారికి ఏడాదికి 80,000 రూపాయలు. ఇందులో 60,000 చదువు ఖర్చులకు, 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే చిన్న పరిశోధనకు. అంటే ప్రభుత్వమే డిగ్రీ విద్యార్థిని పరిశోధన చెయ్యమని డబ్బిస్తోంది. అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయనివారు ఎందరో.

డిగ్రీ రెండో, మూడో ఏడాదిలో, ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నవారికి నేను ఇందాక చెప్పిన వేసవి ఫెలోషిప్పు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ, ఢిల్లీ, అలహాబాదుల్లోని రెండు అకాడమీలతో కలిసి దీన్ని నడుపుతోంది. ప్రకటన సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. దరఖాస్తులో మార్కులతో పాటు మీరు ఏం చేయదలిచారో సొంత మాటల్లో రాయాలి, ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ జతపరచాలి. ఆ సొంత మాటల దగ్గరే చాలామంది తడబడతారు. ఇంటర్నెట్లో దొరికిన గంభీరమైన వాక్యాలు దింపేస్తారు. చదివేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఆ అమ్మాయి రెండు పేజీల లెక్కల గురించి పది వాక్యాలు రాసి ఉంటే, అంతకంటే మంచి దరఖాస్తు ఉండేది కాదు.

గణితం వాళ్ళకు ఎమ్.టి.టి.ఎస్. అనే వేసవి శిక్షణ ఉంది. 1993లో ఆచార్య కుమరేశన్ గారు మొదలుపెట్టారు. అందులో పాఠం చెప్పే పద్ధతే వేరు. ఆచార్యుడు ప్రశ్నలు వేస్తూ విద్యార్థుల చేతనే సిద్ధాంతాన్ని రాబడతాడు. అక్కడికి వెళ్ళివచ్చిన విద్యార్థి తిరిగి వచ్చాక తరగతిలో నోరు మూసుకుని కూర్చోడు.

డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష. ఎమ్మెస్సీ తర్వాత సైన్సు వారికి సి.ఎస్.ఐ.ఆర్. నెట్. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. "పరిశోధన చేస్తే తిండెవరు పెడతారు" అని అడిగే తల్లిదండ్రులకు ఇది చెప్పండి. షెడ్యూల్డు తెగల విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం కేంద్రం ప్రత్యేకంగా జాతీయ ఫెలోషిప్పులు ఇస్తోంది. మన జిల్లా పిల్లలు దీని సంగతి తప్పక కనుక్కోవాలి.

కంప్యూటరు విద్యార్థులకు ఇంకో సౌలభ్యం ఉంది. వాళ్ళ ప్రయోగశాల వాళ్ళ బల్ల మీదే ఉంటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాట వినే ఉంటారు. దాని లోపలి రాత అందరికీ తెరిచి ఉంటుంది. తప్పులుంటే ఎవరైనా దిద్ది పంపవచ్చు. మునిగుడలో కూర్చుని ఒక చిన్న తప్పు దిద్దితే, జర్మనీలో ఉన్న మనిషి దాన్ని చూసి సరే అనవచ్చు, కాదనవచ్చు, ఎందుకు కాదో చెప్పవచ్చు. అంతకంటే మంచి గురువు ఎక్కడ? గూగుల్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఇలాంటి పనికే పారితోషికం ఇస్తారు. బొంబాయి ఐఐటీవారి ఫాసీ పథకం కూడా వేసవి ఫెలోషిప్పులిస్తుంది. కాలేజీ పేరు చూసి కాక, ముందుగా ఇచ్చిన చిన్న పని ఎలా చేశారో చూసి తీసుకోవడం దాని పద్ధతి.

దగ్గరలో ఏమున్నాయి అంటారా? కోరాపుట్ దగ్గర సునాబెడలో 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. జీవవైవిధ్యం, సహజ వనరుల పరిరక్షణ మీద అక్కడ ఒక శాఖే ఉంది. గుణుపురంలో 1997లో మొదలైన ఇంజనీరింగు కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. జయపురంలో విక్రమదేవ వర్మగారి పేరనే ఉన్న కళాశాల కూడా ఈమధ్య విశ్వవిద్యాలయమైంది. స్వామినాథన్ ఫౌండేషన్ వారి పరిశోధన కేంద్రం కూడా జయపురంలోనే ఉంది. ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి.

తలుపు తట్టడం అన్నాను కదా, అది ఎలాగో చెబుతాను. ఆచార్యులకు ఉత్తరం రాయడం చాలామందికి రాదు. "గౌరవనీయులైన అయ్యా, నేను కష్టపడి పనిచేసే విద్యార్థిని, నాకు అవకాశం ఇప్పించగలరు" అని ఒకే ఉత్తరం యాభైమందికి పంపుతారు. యాభైమందీ చదవరు. ఒక్కరిని ఎంచుకోండి. ఆయన రాసిన వ్యాసం ఒకటి చదవండి. అంతా అర్థం కానక్కరలేదు. "మీ వ్యాసంలో మొదటి భాగం నాకు అర్థమైంది. రెండో భాగంలో ఫలానా మెట్టు అర్థం కాలేదు. దానికోసం ఫలానా పుస్తకం చూశాను, అయినా తేలలేదు. వేసవిలో ఆరు వారాలు మీ దగ్గర పనిచేయాలని ఉంది" అని అయిదారు వాక్యాల్లో రాయండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మర్యాదగా ఇంకొకసారి రాయండి. అప్పటికీ రాకపోతే మరొకరికి రాయండి. జవాబు రాకపోవడం అవమానం కాదు. వాళ్ళకు ఉత్తరాలు చాలా వస్తాయి.

వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఇదివరకు మంచి పత్రిక చూడాలంటే వాల్తేరో భువనేశ్వరో వెళ్ళవలసివచ్చేది. 2025 జనవరి ఒకటి నుంచి కేంద్ర ప్రభుత్వం 'ఒక దేశం, ఒక చందా' అనే పథకం అమలులోకి తెచ్చింది. ముప్ఫై ప్రచురణ సంస్థల సుమారు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు, అధ్యాపకులకు అందుబాటులోకి వచ్చాయి. మీ ప్రభుత్వ కళాశాల లైబ్రేరియన్ గారిని "మన కాలేజీ ఇందులో నమోదైందాండీ?" అని అడగండి. నమోదు కాకపోతే చేయించమని ప్రిన్సిపాలు గారికి అర్జీ పెట్టండి. అడిగేవాళ్ళుంటేనే ఇలాంటివి కదులుతాయి.

ఇంతవరకూ బయటికి వెళ్ళే దారులు చెప్పాను. బయటివాళ్ళే మన దగ్గరికి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. జయపురం ప్రాంతం వరికి ద్వితీయ జన్మస్థానమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. 1950లలో కటకం వరి పరిశోధన సంస్థవారు ఈ కొండలన్నీ తిరిగి 1,700కు పైగా రకాల వరి విత్తనాలు సేకరించారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. కోరాపుట్ జిల్లాలో ఒక పల్లెటూరి గిరిజన రైతు కమలా పూజారిగారు ఏళ్ళ తరబడి దేశవాళీ విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆమె కన్నుమూశారు. ఆమె ఇంట్లో ఉన్నది కూడా ఒక ప్రయోగశాలే.

భాషల సంగతీ అంతే. కుయి, కువి, పెంగో, గోండీ, కొండ భాషలు తెలుగుకు దగ్గరి చుట్టాలని భద్రిరాజు కృష్ణమూర్తిగారు నిరూపించారు. కొండ భాష మీద ఆయన గ్రంథం 1969లో వచ్చింది. పెంగో భాష మీద ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు బరో, భట్టాచార్య కలిసి రాసిన పుస్తకం 1970లో వచ్చింది. అంత దూరం నుంచి వచ్చి మన కొండల్లో మాటలు రాసుకుపోయారు. ఇవాళ కంప్యూటర్లు మనిషి మాట విని రాస్తున్నాయి, అనువదిస్తున్నాయి. యంత్రం మాటను గుర్తుపట్టే విద్యకు పునాదులు వేసినవారిలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు ఒకరు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. ఆ యంత్రాలకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. కుయి నేర్పడానికి ఉన్న సామగ్రి వాటితో పోలిస్తే చాలా తక్కువ. ఇంట్లో కుయి మాట్లాడే బీసీఏ విద్యార్థి ఈ పని మొదలుపెడితే, అతనికున్న అర్హత ఏ మహానగరంలో ఏ ఆచార్యుడికీ లేదు. పెద్దల అనుమతి తీసుకుని రోజుకు పది వాక్యాలు రికార్డు చేసి, పక్కనే అర్థం రాసుకుంటే ఏడాదికి మూడున్నర వేల వాక్యాలవుతాయి. అనుమతి అన్న మాట నొక్కి చెబుతున్నాను. ఎవరి మాట, ఎవరి విత్తనం, ఎవరి వైద్యం మనం రాసుకున్నామో వారి పేరు చెప్పాలి. ఊరికి తిరిగి వచ్చి ఏం తేలిందో వినిపించాలి.

భౌతిక, రసాయన శాస్త్రాల వారికి నియమగిరి ఉంది. బాక్సైటు పొరలున్న కొండల నుంచి ఎండాకాలంలో కూడా ఊటలు ఎలా వస్తాయి? వంశధార మన కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పిల్లవాగు ఒకదానిలో నీటి మట్టం వారం వారం ఒకే చోట, ఒకే కర్రతో కొలిచి రాయండి. పక్కన వాన లెక్క రాయండి. రెండేళ్ళు ఆపకుండా రాసిన ఆ నోటు పుస్తకాన్ని ఏ శాస్త్రవేత్తా తీసిపారెయ్యడు.

ఇప్పుడొక హెచ్చరిక. పట్టణాల్లో డబ్బిస్తే ప్రాజెక్టు చేసిపెట్టే దుకాణాలున్నాయి. బైండు చేసి, బంగారు అక్షరాలు వేసి చేతిలో పెడతారు. డబ్బు కడితే నాలుగు రోజుల్లో వ్యాసం అచ్చువేసే పత్రికలూ ఉన్నాయి. ఇంట్లో కూర్చున్నా ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళున్నారు. ఈమధ్య యంత్రమే వ్యాసం రాసిపెడుతోంది. తాకట్టు పెట్టిన నగల డబ్బుతో ప్రాజెక్టు కొన్న కుటుంబాన్ని నేనెరుగుదును. మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్నకే ఆ కుర్రవాడు తలవంచుకున్నాడు. నేను చెప్పిన ఫెలోషిప్పులన్నీ విద్యార్థికి డబ్బిచ్చేవే. మీ దగ్గరే డబ్బు అడిగి "పరిశోధన అవకాశం" అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, తెలిసినవారిని అడగండి. యంత్రాన్ని అర్థం కాని మాట అడగండి, ప్రోగ్రాములో తప్పెక్కడో అడగండి. ఆలోచన మాత్రం మీదై ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్లను రెండు నెలలు బెంగుళూరు పంపాలంటే మీకు భయం ఉంటుంది, అది సహజం. ఆ సంస్థ కార్యాలయానికి ఫోను చేసి హాస్టలు సంగతి అడగండి. అంతకుముందు వెళ్ళివచ్చిన అమ్మాయిలతో మాట్లాడండి. కనుక్కోకుండానే వద్దనకండి. అధ్యాపక మిత్రులకూ ఒక మనవి. మీకు వచ్చిన ప్రతి ప్రకటనా ఆ రోజే గోడకెక్కాలి. సిఫారసు లేఖ అడిగిన పిల్లవాణ్ణి మూడుసార్లు తిప్పకండి. నా సొరుగు కథ మీ సొరుగు కథ కాకూడదు.

ఆ అమ్మాయి ఏమైందని మీరు అడగవచ్చు. ఆమె ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. కొన్నేళ్ళ క్రితం రైల్లో కలిసినప్పుడు ఆ కాగితం సంగతి చెప్పి, నా తప్పు ఒప్పుకున్నాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అప్పుడు తెలిస్తే బాగుండేది మాస్టారూ" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. ఇప్పుడు వాళ్ళ బడిలో స్టాఫు రూము బయట ఒక నల్లబల్ల ఉంది. దాని మీద పన్నెండు నెలల పేర్లు, ఒక్కొక్క నెల కింద ఆ నెలలో దరఖాస్తు గడువులు సుద్దముక్కతో రాసి ఉంటాయి. బడి వదిలిపెట్టి డిగ్రీలో చేరిన పిల్లలు కూడా వచ్చి చూసిపోతారట. ఏటా అక్టోబరులో నాకు ఫోను చేసి, "ఈ ఏడు కొత్తవేమైనా ఉన్నాయా మాస్టారూ, బల్ల మీద రాయాలి" అని అడుగుతుంది.

అలాంటి నల్లబల్ల మన ప్రతి కళాశాలలో, ప్రతి ఉన్నత పాఠశాలలో ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. దానికయ్యే ఖర్చు ఒక సుద్దముక్క.

విద్యార్థి మిత్రులారా, మీ ప్రశ్నల నోటు పుస్తకం ఇవాళే మొదలుపెట్టండి.